బాలబాలికల కంటిచూపు

కొన్ని సంవత్సరముల క్రిందట ఆఱవ తరగతిలో మాకొక విద్యార్థి యుండెను. భావనపాడు వైపునుండి వచ్చువాడు. ప్రక్కవాని పుస్తకములోనికి తొంగిచూచి వ్రాయుట వాని కలవాటు. నల్లబల్లమీద లెక్క వ్రాసి చేయుమన్నచో 3ను 8గాను, 5ను 6గాను ఎక్కించుకొని, ఆ తప్పు సంఖ్యలతోనే లెక్కను తప్పులేక చేసెడివాడు. అట్లు చేయుట యెంత వింతయో ఆ దినములలో మాకు తట్టలేదు. ముందు బెంచీలో కూర్చుండుమన్న సిగ్గుపడి వెనుకకే పోవును. వానిని మేము సోమరి యనియు, దొంగచూపులవా డనియు తలంచితిమి. ఒకటి రెండు మారులు బెంచీ యెక్కించి నిలువబెట్టితిమి కూడ. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బాలమనశ్శాస్త్రమున మాకు మంచి మార్కులే వచ్చియుండెను.

ఆ సంవత్సరము శీతకాలమున పిల్లలను తేలినీలాపురమునకు పక్షులను చూపుటకై తీసికొని పోయితిమి. ఆ యూరి చింతచెట్లమీద గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును గుంపులుగా గూళ్లు కట్టుకొని యుండునన్న సంగతి టెక్కలి ప్రాంతమువారందరు నెఱుగుదురు. పిల్లలందరు కేకలు వేయుచు చేతులు చాపి చూపుచుండగా ఈ బాలుడు మా చెంతకు వచ్చి మెల్లగా, “పిట్టలేవండీ మాస్టారూ? చెట్టునిండా తెల్లపూలే అగుపిస్తన్నాయి గానీ” అని యడిగెను. చింతచెట్టునకు తెల్లపూలు పూయునా? తోటివారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. రెండేండ్లనుండి వానికి నల్లబల్ల యెట్లు కనబడుచున్నదో ఆ క్షణమున మాకు తెలిసెను.

కండ్ల వైద్యునియొద్ద పరీక్ష చేయింపగా రెండు కండ్లకును 4 డయాప్టర్ల హ్రస్వదృష్టి యని తేలినది. దాని యర్థము ఎనిమిదవ తరగతివారు సైతము లెక్కగట్ట వచ్చును. డయాప్టరనగా మీటరును భాగించు సంఖ్య. 1 మీటరును 4 చేత భాగించిన 25 సెంటీమీటర్లగును. అనగా ఆ బాలునికి జేనెడు పైచిలుకు దూరమువరకే లోకము స్పష్టముగా నుండెను. దానికి ఆవల నున్నదంతయు మంచులో చూచినట్లుండెను. ప్రక్కవాని పుస్తకము వానికి కనబడుటయు, నల్లబల్ల కనబడకపోవుటయు ఇందువలననే. వాడు చేసినది దొంగతనము కాదు. చదువుకొనుటకు వానికి మిగిలిన యొక్కటే దారి యది. వానికి మేము చేసిన యన్యాయమును దిద్దుకొనుటకు వీలులేదు గాని, ఇతర పిల్లలకు అట్టిది జరుగకుండుటకై పిల్లల కండ్లకు సామాన్యముగా వచ్చు లోపములను గూర్చి యీ సంచికలో వ్రాయ దలంచితిమి.

కన్ను పనిచేయు విధము మొదట తెలిసికొనవలెను. కంటి ముందరి భాగమున గడియారపు అద్దమువలె నున్న పారదర్శకమైన పొరను శుక్లపటల మందురు. దాని వెనుక రంగుగల గుండ్రని తెరయు, ఆ తెర నడుమ కంటిపాప యను రంధ్రమును, దాని వెనుక కటకమును ఉండును. వెలుగు వీనిగుండ పోయి కంటి వెనుకగోడపై పరచియున్న నేత్రపటలముమీద పడవలెను. అక్కడి నాడులు ఆ బొమ్మను మెదడునకు చేరవేయును. బొమ్మ పడునది నేత్రపటలముమీదనే యని 1604లో కెప్లరు అను జర్మను ఖగోళ శాస్త్రజ్ఞుడు వివరించెను. పుట్టిన శిశువు కన్ను ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లు; పెద్దవారిది 24 మిల్లీమీటర్లు. ఈ పెరుగుదల కొలతకు మించక, తగ్గక జరుగవలెను. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగిన యెడల సుమారు 3 డయాప్టర్ల దోషము కలుగును. మేము చెప్పిన బాలుని కన్ను ఒక మిల్లీమీటరున్నర పొడవెక్కువ, అంతియే. అంత చిన్న కొలతకు అంత పెద్ద శిక్ష వాడు పొందెను.

కన్ను పొడవెక్కువైనచో బొమ్మ నేత్రపటలమునకు ముందే ఏర్పడును. ఇది హ్రస్వదృష్టి. దగ్గరివి కనబడును, దూరపువి మసకబారును. నడుమ పలుచనై అంచులు దళముగా నుండు పుటాకార కటకము దీనికి తగినది. కన్ను పొడవు తక్కువైనచో బొమ్మ నేత్రపటలమునకు వెనుకకు పోవును. ఇది దీర్ఘదృష్టి; దీనికి కుంభాకార కటకము కావలెను. చిన్నపిల్లలలో కొంచెము దీర్ఘదృష్టి యుండుట సహజమే, ఎదిగిన కొలది తగ్గును. అది ఎక్కువగా నున్నప్పుడు బిడ్డ చూపును నిలుపుకొనుటకై కంటి కండరములను ఎల్లవేళల బిగించుచుండును. అట్టి పిల్లలు చదువ కూర్చుండిన అర్ధగంటకే నొసలు నొచ్చుచున్న దందురు. మనము చదువు తప్పించుకొనుటకు చెప్పు సాకని కోపగింతుము. శుక్లపటలపు వంపు అన్ని వైపుల సమముగా లేక, కోడిగ్రుడ్డు వలె ఒక ప్రక్క ఎక్కువ వంగియున్నచో గీతలలో కొన్ని స్పష్టముగాను కొన్ని చెదరియు కనబడును. దీనిని అసమదృష్టి యందురు. థామస్ యంగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1801లో తన కంటిలోనే ఈ దోషమును కనిపెట్టి వర్ణించెను.

ఇవి అరుదైన సంగతులని యెవరును అనుకొనవలదు. పాలమూరు, అనగా మహబూబ్‌నగరు జిల్లా పల్లెలలో 7 మొదలు 15 ఏండ్లలోపు పిల్లలను 4,074 మందిని పరీక్షించి 2002లో ఫలితములు ప్రకటించిరి. అందు చూపు తగ్గిన కండ్లలో నూటికి 61 కండ్లకు కారణము అద్దములతో సరియగు దోషమే యని తేలినది. అనగా మందు గాని కోత గాని అక్కఱలేదు. రెండు గాజు ముక్కలు చాలును.

అయినను ఆ రెండు గాజుముక్కలను పిల్ల ముక్కుమీద నిలుపుట ఎంత కష్టమో మేమెఱుగుదుము. మా బడిలో చదివిన యొక బాలికకు అద్దములు వచ్చెను. వారము దినములు పెట్టుకొని వచ్చినది, తరువాత మానినది. ఇంటికి పోయి విచారింపగా అద్దములు పెట్టెలో గుడ్డలో చుట్టి భద్రముగా నుండెను. ఆ పిల్ల నాయనమ్మ మాకు పీట వేసి, మంచినీళ్లిచ్చి, “అద్దాలెట్టుకున్న పిల్లని రేపు ఎవులు సేసుకుంతారు మేస్టరుబాబూ? కన్ను సిన్నబోయిందని ఊరంతా తెలిసిపోదా?” అనెను. ఆమెను కసరుకొనుటకు మాకు మనసొప్పలేదు. ఆమె భయము ఆమె చూచిన లోకమునుండి పుట్టినది. “అమ్మా, మసాలా దినుసులలో రాళ్లు ఏరలేని పిల్లను అత్తవారు మెచ్చుకొందురా? బావి గట్టున కాలు జారిన పిల్లను మెచ్చుకొందురా?” అని యడిగితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి పెట్టె తెరచినది. మరియొక అపోహ కలదు. అద్దములు పెట్టినకొలది చూపు ఇంకను తగ్గునని చాలమంది నమ్ముదురు. పొరపాటు. పెరుగు వయస్సున కన్ను పెరుగుచుండుటచే అంకె మారును. అద్దము మానినను మారును. కావుననే సంవత్సరమున కొకసారి తిరిగి పరీక్ష చేయింపవలెను.

హ్రస్వదృష్టి రాకుండ చేసికొనుటకు ఉపాయమున్నదా యని తలిదండ్రు లడుగుదురు. కొంతవరకు ఉన్నది, అదియును ధర్మముగా దొరకునది. చీనాదేశమున గ్వాంగ్జౌ నగరములో 12 బడుల ఒకటవ తరగతి పిల్లలను రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి దినమునకు 40 నిమిషములు ఆరుబయట గడుపు తరగతి నొకటి అదనముగా పెట్టిరి. మూడేండ్ల పిమ్మట చూడగా ఆరుబయటికి పోయినవారిలో నూటికి 30 మందికిని, పోనివారిలో నూటికి 39 మంది పైబడియు హ్రస్వదృష్టి వచ్చెను. ఈ ఫలితము 2015లో ప్రకటింపబడినది. పగటి వెలుగు కంటి పెరుగుదలను అదుపులో నుంచునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కోవిడు కారణముగా 2020లో బడులు మూతపడినప్పుడు చీనాలో 6 మొదలు 8 ఏండ్ల పిల్లలలో ఈ దోషము మునుపటి యేండ్లకంటె చాల హెచ్చెనని కూడ తెలిసినది. మన పిల్లలును ఆ దినములలో కొబ్బరితోటల నీడన ఒకే సెల్‌ఫోను చుట్టు నలుగురు తలలు వంచి పాఠములు వినుట మేము చూచితిమి. సముద్రపు టొడ్డున, ఇంత ఆకాశము క్రింద పుట్టిన బిడ్డలు ఆరంగుళముల తెరలోనికి దిగిపోవుట మాకు కష్టముగా తోచును. దినమునకు రెండు గంటలు బయట ఆడుకొననిండు. చదువునప్పుడు పుస్తకము మోచేతి నుండి వ్రేళ్ల కణుపుల వరకు గల దూరమునకు తగ్గకుండ నుండవలెను.

ఇక మెల్లకన్ను. మెల్లకన్ను అదృష్టమని మనవారిలో నొక మాట కలదు. ఈ మాట ఎంతమంది బిడ్డలకు ఒక కంటిచూపును పోగొట్టినదో లెక్క లేదు. రెండు కండ్లు రెండు దిక్కులు చూచినచో మెదడునకు రెండు బొమ్మలు చేరును. ఆ గలిబిలి భరింపలేక బాల్యములో మెదడు ఒక కంటి బొమ్మను త్రోసివేయ నేర్చుకొనును. త్రోసివేయబడిన కన్ను పైకి నిక్షేపముగా నుండియు, మెదడుతో దానికి సంబంధము బలపడక, చూపు మందగించును. దీనిని మందదృష్టి యందురు. బద్ధకపు కన్నని కూడ చెప్పవచ్చును. మెల్ల లేకుండగనే ఇది రావచ్చును. ఒక కంటికి దోషము ఎక్కువగా నుండి రెండవది బాగుగా నున్నచో మెదడు బాగుగ నున్న దానినే వాడుకొనును. బాల్యములో మూయబడిన కంటికి మెదడులో చోటు దక్కదని హ్యూబెల్, వీసెల్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు పిల్లికూనలపై పరిశోధించి కనుగొనిరి. వారికి 1981లో నోబెలు బహుమాన మిచ్చిరి.

ఇందలి ప్రమాద మేమనగా బిడ్డకు గాని తల్లికి గాని ఏమియు తెలియదు. ఒక కన్ను పనిచేయుచునే యుండును గదా! మా బడిలో ఒకసారి ఆటగా ఒక కన్ను మూసికొని గోడమీది అక్షరములు చదువుమనగా, 13 ఏండ్ల బాలిక యొకతె కుడికన్ను మూయగనే, “దీపమార్పేసినట్టుంది మాస్టారూ” అని నిలిచిపోయెను. అంతవరకు తన యెడమకన్ను పనిచేయుటలేదని ఆమెకే తెలియదు. ఐదవ యేటనే కనిపెట్టియుండిన అద్దము పెట్టి, మంచి కంటికి దినమునకు కొన్ని గంటలు కట్టు కట్టి, మందకంటిచేత పని చేయించి చూపును తెచ్చియుందురు. ఏడేండ్లలోపు ఫలితము మిక్కిలి బాగుగ నుండును. ఆ తరువాత ప్రయోజనము లేదని పూర్వము వైద్యులు చెప్పెడివారు. 7 మొదలు 12 ఏండ్ల వారికిని, అంతకుముందు చికిత్స పొందని కొందరు పెద్ద పిల్లలకును కూడ కొంత మేలు కలుగునని 2005లో అమెరికాలో జరిగిన పరిశోధన వలన తెలిసినది. కావున ఆలస్యమైనదని విడువరాదు. ఆ బాలిక కట్టు కట్టుకొనగా పటములో రెండు వరుసలు క్రిందికి దిగగలిగినది, అంతకుమించి దిగలేదు. ఈ చికిత్సను బడిలో తోటి పిల్లలు పాడుచేయుట కలదు. కట్టుతో వచ్చిన పిల్లను ‘ఒంటికన్ను’ అని పిలిచినవారి పేర్లు మాకు తెలియును, ఇక్కడ వ్రాయము.

ఆరు నెలలు దాటిన బిడ్డకు మెల్ల కనబడినచో అది దానంతట పోవునని కాచుకొనరాదు. కంటిపాప నల్లగా నుండక తెల్లగా గాని, చీకటిలో పిల్లికన్ను వలె గాని మెరసినచో వారము కూడ ఆగరాదు. అది పుట్టుశుక్లము కావచ్చును, లేదా నేత్రపటలములో పుట్టు కాన్సరు గడ్డ కావచ్చును. ఈ గడ్డ సాధారణముగా ఐదేండ్లలోపు బిడ్డలకు వచ్చును. ముందుగా కనిపెట్టినచో ప్రాణమును, తరచుగా కన్నును కూడ దక్కించుకొన వచ్చును. ఫొటో తీసినప్పుడు ఒక కన్ను ఎఱ్ఱగాను ఒకటి తెల్లగాను పడినచో ఆ ఫొటోనే వైద్యునికి చూపవలెను. పుట్టుశుక్లమునకు గల కారణములలో నొకటి, తల్లి గర్భిణిగా నున్నప్పుడు వచ్చు రుబెల్లా జ్వరము. దీనిని 1941లో నార్మన్ గ్రెగ్ అను ఆస్ట్రేలియా కంటివైద్యుడు కనిపెట్టెను. మనదేశములో తట్టుతో కలిపి రుబెల్లా టీకా 2017నుండి వేయుచున్నారు. నెలలు నిండక పుట్టిన శిశువులకు నేత్రపటలము చెడు జబ్బు వచ్చుట కలదు గనుక నెలదినములలోపు వారి కండ్లను తప్పక చూపవలెను.

రేచీకటిని గూర్చి ఎక్కువ వ్రాయవలసియున్నది, ఏలయనగా అన్నముతో నివారింపదగినది ఇదియే. ప్రొద్దుగూకిన పిమ్మట బిడ్డ తడుముకొనుచు నడచినను, కంచములోని కూరను చేతితో వెదకినను తల్లి గమనింపవలెను. నేత్రపటలములో మసక వెలుతురును పట్టు పదార్థము ఏ విటమినుతో తయారగును. నేత్రపటలములో ఏ విటమినున్నదని 1933లో కనిపెట్టిన జార్జి వాల్డునకు 1967లో నోబెలు బహుమానము వచ్చెను. ఈ విటమిను తక్కువైనచో మొదట రేచీకటి. తరువాత తెల్లగుడ్డు పొడిబారి దానిపై సబ్బునురుగు వంటి మచ్చలు. చివరకు శుక్లపటలము మెత్తబడి కరగిపోవుట. తట్టు వచ్చిన బక్కబిడ్డకు ఈ చివరి దశ కొద్ది దినములలోనే రావచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు జరిపిన పరిశోధనల ననుసరించి 1970లో మనదేశమున చిన్నబిడ్డలకు ఏ విటమిను ద్రావకము నిచ్చు పథకము మొదలాయెను. తొమ్మిదవ నెలలో 1 లక్ష యూనిట్లు, పిదప ఆరునెలల కొకమారు 2 లక్షల యూనిట్లు, ఐదేండ్లు నిండువరకు మొత్తము 9 మోతాదులు. దాదులు, ఆశా కార్యకర్తలు ఇండ్లకు వచ్చినప్పుడు తలుపు వేసికొనక బిడ్డను చూపిన చాలును.

ఐదేండ్లు దాటినవారికి మందు కంచములోనే యున్నది. పెరటి మునగాకు, తోటకూర, పొన్నగంటికూర, బొప్పాయి, మామిడిపండు, గ్రుడ్డు, పాలు. ఆకుకూరలోని సత్తువ ఒంటబట్టుటకు కొంచెము నూనె తగులవలెను. చేపలు దొరకు మన తీరములో చేప కాలేయము మంచి ఆహారము. ఇంటికొక మునగచెట్టుండియు ఆకు దూడల పాలగుట, ఆకును తక్కువవారి కూరగా చూచుట మన యవివేకము. ఒక హెచ్చరిక. మునగాకు తినిపించినను, మందు వేసినను తగ్గని రేచీకటి కొన్ని కుటుంబములలో కలదు. అది నేత్రపటలము క్రమముగా క్షీణించు వంశపు జబ్బు. మేనరికపు సంబంధములలో ఇట్టివి హెచ్చు. అట్టి బిడ్డను పెద్ద కంటి ఆసుపత్రికే తీసికొనిపోవలెను.

ఈ సందర్భమున మన జిల్లా చరిత్రలో నొక సంగతి పిల్లలు తెలిసికొనదగియున్నది. ఉద్దానములోని సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషనువారి ఆరోగ్యవరము వైద్యశాలలో డాక్టరు బెన్ గల్లిసన్ గారను కెనడా వైద్యుడు కంటి శస్త్రచికిత్సలు చేసి పేరు పొందిరి. వారి పనిని గూర్చి విని కాల్గరీ పట్టణపు వర్తకుడైన ఆర్ట్ జెంకిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ అను ధర్మసంస్థను స్థాపించెను. నేడు పలుదేశములలో పనిచేయుచున్న ఆ సంస్థకు పుట్టుక మన సోంపేటనుండియే. మా పెద్దలు శుక్లములు తీయించుకొనుటకు ఎడ్లబండ్లమీద అక్కడికి పోయిన సంగతులు చెప్పెడివారు. అయితే వారి మాటలలో పిల్లలు కనబడరు. ముదుసలికి చూపు పోయిన ఇల్లంతయు నెఱుగును, ఆయనకు మునుపటి చూపు జ్ఞాపకమున్నది గనుక. పుట్టినది మొదలు మసకగా చూచిన బిడ్డకు లోకమే మసక యని తోచును. వానికి ఫిర్యాదు చేయ తెలియదు. 2019 అక్టోబరు 10న మన రాష్ట్రములో కంటి వెలుగు పథకము మొదటి విడతగా బడిపిల్లలకు పరీక్షలు చేసినప్పుడు ఈ సంగతి అందరికి తెలియవచ్చెను.

కండ్ల కలకలు అందరెఱిగినవే. ఎఱ్ఱబారి, పుసులు కట్టి, ప్రొద్దుట రెప్పలు విడవు. సామాన్యముగా వారము పది దినములలో తగ్గును. తువాలు, తలగడ, కాటుక భరిణె వేరుచేసి, చేతులు సబ్బుతో కడిగికొని, తగ్గువరకు బడికి రాకుండుట మంచిది. ఒకే వ్రేలితో ఇంటిల్లిపాదికి కాటుక దిద్దుట మానవలెను. పూర్వము రెప్పల లోపల గరుకుపొక్కులు లేచి, ఏండ్లు గడచిన పిమ్మట రెప్పవెండ్రుకలు లోనికి తిరిగి గ్రుడ్డును గీరి చూపును తీసిన ట్రకోమా యను జబ్బు మనదేశమున మిక్కుటముగా నుండెను. 1963లో ప్రభుత్వమువారు దానిపై పథకము మొదలుపెట్టిరి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు భారతదేశమున నది ప్రజారోగ్య సమస్యగా లేకుండ పోయినదని ప్రకటించిరి. మందులకంటె మంచినీరును ముఖము కడుగుటయు దీనిలో తక్కువ పని చేయలేదు.

దెబ్బలను గూర్చి మన ప్రాంతపు పిల్లలకు ప్రత్యేకముగా చెప్పవలసినది కలదు. లూయీ బ్రెయిలీ అను ఫ్రెంచి బాలుడు 1812లో, మూడేండ్లవాడై, తండ్రి తోలుపని దుకాణములో ఆరెతో ఆడుకొనుచు ఒక కన్ను పొడుచుకొనెను. ఆ పుండు రెండవ కంటికిని ప్రాకి ఐదేండ్లకే అంధుడాయెను. తరువాత 1824లో అంధులు వ్రేళ్లతో చదువు చుక్కల లిపిని కల్పించెను. ఆ కథ విని పిల్లలు మెచ్చుకొందురు. సెలవు రాగానే కొబ్బరి ఈనెలతో విల్లంబులు చేసికొని ఒకరి ముఖమున కొకరు గురిపెట్టుదురు! బిళ్ళంగోడు బిళ్ళ, మొగలిపొదల ముండ్లు, దీపావళి మతాబులు కూడ ఇట్టివే. పలాస చుట్టుపట్ల వేసవిలో పిల్లలు జీడిపిక్కలను నిప్పులలో కాల్చుదురు. పిక్క పగిలినప్పుడు చిమ్ము సొన చర్మమునే పొక్కించును. కంటిలో పడిన ఏమగునో చెప్పనక్కఱలేదు. కిళ్ళీసున్నపు పొట్లమును పిండగా చిట్లి కంటిలో పడుట మరియు ప్రమాదము, సున్నము లోలోనికి కాల్చుకొనుచు పోవును గనుక. ఇట్టివి పడిన వెంటనే, ఎవరిని పిలుచుటకైనను ముందు, రెప్పలు తెరచి శుభ్రమైన నీటిని కనీసము 15 నిమిషములు ధారగా పోయవలెను. ముల్లు గాని పుల్ల గాని గ్రుచ్చుకొన్నచో దానిని లాగరాదు, కన్ను నలుపరాదు, నొక్కరాదు. పైన గిన్నెవంటి దానితో కప్పి వైద్యునియొద్దకు పోవలెను.

చనుబాలు, ఆకు పసరు, నందివర్ధనపు పూల రసము, ఆముదము కంటిలో పోయుట మన యిండ్లలో నేటికిని కలదు. పోయువారు ప్రేమతోనే పోయుదురు. కాని ఆకుపుల్ల గీచిన కంటిలో బూజుజాతి క్రిములు చేరి పుండు పడుట మన తేమ దేశములో సామాన్యము. దానిపై పసరు పోసిన పుండు హెచ్చును. మందుల దుకాణమున అడిగి తెచ్చుకొను స్టెరాయిడు చుక్కలు ఎఱుపును తగ్గించి నొప్పిని మరపించి, లోపల పుండును పెంచును. మేము చూచిన కంటి పువ్వులలో కొన్ని దెబ్బవలన వచ్చినవి కావు, దెబ్బకు చేసిన వైద్యమువలన వచ్చినవి.

రంగులు గుర్తింపలేకపోవుట మగపిల్లలలోనే ఎక్కువ. ఎఱుపు ఆకుపచ్చలు ఒకటిగా తోచును. జాన్ డాల్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు తన కీ లోపమున్నదని 1794లో ప్రకటించెను. దీనికి చికిత్స లేదు, చదువునకు అడ్డమును లేదు. అయితే 2023లో మూలపేట రేవునకు శంకుస్థాపన జరిగినది మొదలు మా పై తరగతుల బాలురలో చాలమంది ఓడ పనులు, నౌకాదళపు కొలువులు కోరుచున్నారు. ఓడ నడుపువారికి, రైలు నడుపువారికి రంగుల పరీక్ష తప్పదు. ఆశలు పెంచుకొని పరీక్షనాడు తెలిసికొనుటకంటె తొమ్మిదవ తరగతిలోనే చూపించుకొనుట మేలు.

చూపును కొలుచు అక్షర పటమును 1862లో డచ్చి వైద్యుడు స్నెల్లెను చేసెను. 6 మీటర్ల దూరమునుండి, మంచి కంటికి కోణములో 60వ వంతులు 5 మాత్రమే యుండు అక్షరము 6/6 వరుసది. దాని యెత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లని పై తరగతివారు త్రికోణమితితో లెక్కగట్టి చూడవచ్చును. దానికి రెండింతలు 6/12 వరుస. ఇంటిలో పరీక్ష చేయుటకు తెల్ల అట్టమీద నల్లని సిరాతో ఇంగ్లీషు ‘ఇ’ యక్షరమును 17.5 మిల్లీమీటర్ల యెత్తు, అంతే వెడల్పు, ఒక్కొక్క అడ్డగీత 3.5 మిల్లీమీటర్ల మందమున గీయుడు. పగటి వెలుతురులో 6 మీటర్ల దూరమున బిడ్డను నిలిపి, ఒక కంటిని అరచేతితో, నొక్కకుండ, మూయించుడు. అట్టను పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు త్రిప్పుచు ‘ఇ’ కాళ్లు ఏ వైపున్నవో చేతితో చూపుమనుడు. చదువురాని బిడ్డయు చూపగలడు. వ్రేళ్ల సందులనుండి చూడకుండ కనిపెట్టవలెను. మూయుటకు పెద్ద గరిటె యొకటి ఇచ్చిన నింకను మంచిది. రెండు కండ్లకు విడివిడిగా చేయవలెను. ఏ కంటితోనైనను చెప్పలేకపోయిన వైద్యునికి చూపుడు. పుస్తకమును ముక్కునకు ఆనించుట, తల ఒక ప్రక్కకు వంచి చూచుట, రెప్పలు చిట్లించుట, మాటిమాటికి కండ్లు నలుపుకొనుట, విసరిన బంతిని పట్టలేకపోవుట కనబడినచో పరీక్షలో నెగ్గినను చూపుడు.

మా వరండాలో తూర్పు స్తంభమునకు అట్టి పటమొకటి కట్టియున్నది. దానికి 6 మీటర్ల దూరమున నేలమీద సున్నపుగీత గీయించితిమి. శనివారము బడి విడిచిన పిమ్మట అర్ధగంటసేపు మేమక్కడ నుందుము. పిల్లలు మూడేండ్లు నిండిన తమ్ములను, చెల్లెండ్రను వెంటబెట్టుకొని రావచ్చును. గరిటె మాయొద్ద నున్నది.